బిగ్ బాయ్: పాతిక ఇంజిన్లలో ఒక్కటే ఎందుకు నడుస్తోంది?

యూట్యూబ్‌లో రైలు వీడియోలు చూసే అలవాటున్న వాళ్లకు ఈ ఇంజిన్ ఎప్పుడో ఒకసారి తగిలే ఉంటుంది. అమెరికాలో ఏదో లెవెల్ క్రాసింగ్ దగ్గర జనం ఫోన్లు పైకెత్తి నిలబడి ఉంటారు. ముందు కూత వినపడుతుంది. తర్వాత నల్లటి ఇంజిన్ ఒకటి వస్తుంది, వస్తూనే ఉంటుంది, ఎంతకీ అయిపోదు. టైటిల్ మాత్రం ఎప్పుడూ ఒకటే: "ప్రపంచంలోకెల్లా అతిపెద్ద ఆవిరి ఇంజిన్". అది యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ వారి 4014 నంబరు ఇంజిన్. ఆ తరగతి పేరు బిగ్ బాయ్.

ఈ తరగతిలో మొత్తం 25 ఇంజిన్లు తయారయ్యాయి. వాటిలో 8 మిగిలాయి. ఆ ఎనిమిదిలో నడిచేది ఒక్కటే. అతిపెద్దది కాబట్టి దాచుకున్నారు, దాచుకున్నారు కాబట్టి నడుపుతున్నారు అని మనం తేలిగ్గా అనుకుంటాం. లెక్క అంత సూటిగా లేదు. దీనికంటే బలమైన ఇంజిన్లు మ్యూజియంలో కదలకుండా పడి ఉన్నాయి. దీనికి ఏమాత్రం తీసిపోని పేరున్నవి కొన్ని ఒక్కటంటే ఒక్కటి కూడా మిగల్లేదు. ఆవిరి ఇంజిన్ బతికి బట్టకట్టడానికి దాని గొప్పతనం కంటే దాని యజమాని ఎవరన్నదే ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం. అదెలాగో తెలియాలంటే ముందు ఒక కొండ దగ్గరికి వెళ్లాలి.

ఒక ఎక్కుడు, ఒక తలనొప్పి

యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ నుంచి తూర్పుకు వెళ్లే యూనియన్ పసిఫిక్ లైను వాసాచ్ పర్వతాలు ఎక్కి వ్యోమింగ్‌లో అడుగుపెడుతుంది. ఎక్కుడు ప్రతి వంద అడుగులకు 1.14 అడుగులు. కారులో వెళ్లేవాళ్లకైతే అది ఎక్కుడని కూడా అనిపించదు. వేల టన్నుల గూడ్సుకు మాత్రం అదే పెద్ద గండం. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. ఆ తక్కువ పట్టు వల్లే రైలు చౌకగా నడుస్తుంది, ఆ తక్కువ పట్టు వల్లే కొండ దగ్గర చతికిలపడుతుంది.

1930ల చివర్లో ఆ ఎక్కుడు దగ్గర బరువైన గూడ్సుకు అదనంగా ఇంకో ఇంజిన్ తగిలించేవాళ్లు. మన రైల్వేవాళ్లు బ్యాంకర్ అంటారే, అదే. బ్యాంకర్ అంటే ఇంకో డ్రైవరు, ఇంకో ఫైర్‌మన్, తగిలించడానికి ఒకసారి ఆగడం, పైకెక్కాక విప్పడానికి మరోసారి ఆగడం, ఖాళీ ఇంజిన్ వెనక్కి దిగిరావడం. బరువు లాగే నెమ్మది ఇంజిన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కానీ అవి కొండ దాటాక మైదానంలో పరుగెత్తలేవు, అక్కడ ఇంజిన్ మార్చాలి. కంపెనీకి కావలసింది రెండూ చేసేది: 3,600 టన్నుల బండిని బ్యాంకర్ లేకుండా కొండెక్కించాలి, ఆ తర్వాత అదే ఇంజిన్ సమతలంలో జోరుగా పోవాలి.

అప్పటి కంపెనీ ప్రెసిడెంటు విలియం జెఫర్స్. ఇంజనీరింగ్ పరిశోధన చూసేది ఆటో జాబెల్మాన్. 1936 నుంచి వాళ్ల దగ్గర ఛాలెంజర్ అనే ఇంజిన్లు ఉన్నాయి. చక్రాల అమరిక 4-6-6-4. అంటే ముందు దారి చూపే చిన్న చక్రాలు నాలుగు, తర్వాత ఇంజిన్‌ను నడిపే పెద్ద చక్రాలు ఆరు, మళ్లీ ఆరు, వెనక బరువు మోసే చక్రాలు నాలుగు. జాబెల్మాన్ బృందం ఈ ఛాలెంజర్‌నే పెంచింది. నడిపే చక్రాలు ఎనిమిది, ఎనిమిది అయ్యాయి. 4-8-8-4 అన్న అమరికతో ప్రపంచంలో తయారైన ఇంజిన్లు ఈ పాతికే.

న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలోని అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, పొట్టిగా ఆల్కో, 1941లో 20 ఇంజిన్లు, 1944లో 5 ఇంజిన్లు కట్టింది. మొదటిది 1941 సెప్టెంబరులో యూనియన్ పసిఫిక్ ప్రధాన కార్యాలయం ఉన్న ఒమాహా చేరింది. ఫ్యాక్టరీలో కడుతుండగానే ఊరూ పేరూ తెలియని కార్మికుడొకడు దాని ముందు భాగం మీద సుద్దముక్కతో "బిగ్ బాయ్" అని రాశాడట. కంపెనీ పెట్టాలనుకున్న పేరు వేరే ఉందంటారు. ఏదేమైనా నిలిచింది సుద్దముక్క పేరే.

నడుము దగ్గర కీలు

టెండర్‌తో, అంటే బొగ్గూ నీళ్లూ మోసే వెనక పెట్టెతో కలిపి బిగ్ బాయ్ పొడవు దాదాపు 133 అడుగులు. ఇంత పొడవైనది వంపు తిరగాలంటే నడుము వంగాలి. అందుకే దీని కింద నిజానికి రెండు ఇంజిన్లు ఉంటాయి. ఎనిమిది చక్రాల వెనక ఇంజిన్ బాయిలర్‌కు గట్టిగా బిగించి ఉంటుంది. ముందు ఎనిమిది చక్రాలది మాత్రం కీలు మీద అటూ ఇటూ తిరుగుతుంది. బాయిలర్ ముందు భాగం దాని మీద జారుతూ కూర్చుంటుంది. అందుకే వంపు తిరిగేటప్పుడు ముందు నుంచి తీసిన వీడియోల్లో చూడండి, చక్రాలు పట్టాలతో పాటు తిరిగిపోతాయి, బాయిలర్ ముక్కు మాత్రం పట్టాల అవతలికి పొడుచుకుని వచ్చినట్టు ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు పడిపోతోందనుకుంటారు.

ఈ కీలు ఆలోచన స్విట్జర్లాండ్‌కు చెందిన ఆనటోల్ మాలే అనే ఇంజనీరుది, 19వ శతాబ్దం నాటిది. ఇక్కడే చాలామంది తడబడతారు. మాలే పద్ధతిలో ఆవిరిని రెండుసార్లు వాడతారు. వెనక సిలిండర్లలో పని చేసి, వేడి కొంత తగ్గిన ఆవిరిని ముందు సిలిండర్లకు పంపుతారు. ఆవిరి ఆదా అవుతుంది. కానీ ఒత్తిడి తగ్గిన ఆవిరి కాబట్టి ముందు సిలిండర్లు గంగాళాల్లా పెద్దవి కావాలి, పిస్టన్లు బరువెక్కుతాయి, వేగం చచ్చిపోతుంది. బిగ్ బాయ్‌లో నాలుగు సిలిండర్లకూ బాయిలర్ నుంచి నేరుగా తాజా ఆవిరి వెళ్తుంది. ఆవిరి ఎక్కువ ఖర్చవుతుంది, బండి పరుగెత్తుతుంది. కాబట్టి కీలు మాలే దగ్గర్నుంచి వచ్చినా, సరిగ్గా చెప్పాలంటే ఇది మాలే ఇంజిన్ కాదు.

ఇంకో చిన్న మార్పు ఉంది, బయటికి కనపడదు గానీ నా దృష్టిలో అసలు తెలివి అదే. పాత కీలు ఇంజిన్లలో ముందు భాగం పక్కలకే కాక పైకీ కిందికీ కూడా ఊగేది. వేగం పెరిగితే కుదుపు మొదలై పట్టు జారేది. జాబెల్మాన్ బృందం కీలును పక్కలకు మాత్రమే తిరిగేలా బిగించి, ఎత్తుపల్లాల సంగతి స్ప్రింగులకు అప్పజెప్పింది. గంటకు 80 మైళ్ల వేగాన్ని కూడా తట్టుకునేలా దీన్ని గీశారంటే ఆ ధైర్యం ఇక్కడి నుంచే వచ్చింది. రోజువారీ పనిలో అంత వేగం అవసరం పడలేదు. ఆ వేగానికి గీసిన యంత్రం సగం వేగంలో ఎక్కువకాలం మన్నుతుందన్నదే వాళ్ల లెక్క.

అతిపెద్దది అంటే ఏ లెక్కన?

ఇప్పుడు ఆ యూట్యూబ్ టైటిల్ సంగతి. ఇప్పుడు మిగిలి ఉన్న ఆవిరి ఇంజిన్లలో పొడవులో బిగ్ బాయ్‌కి ఎదురు లేదు. టెండర్‌తో కలిపి బరువు 540 టన్నుల దాకా ఉంటుంది. దాని పక్కన నిలబడగలిగినవి తక్కువ.

ఇంజిన్ వరకే చూస్తే కథ మారుతుంది. మొదటి విడత బిగ్ బాయ్ 7,62,000 పౌండ్లు. అదే 1941లో లీమా కంపెనీ, చెసపీక్ అండ్ ఒహాయో రైల్వే కోసం అలెగెనీ అనే ఇంజిన్లు కట్టింది. కాగితం మీద వాటి బరువు 7,24,500 పౌండ్లు అని రాశారు. తూకం వేస్తే 7,71,000 దాటింది! అమెరికాలో అప్పట్లో ఇంజిన్ నడిపే చక్రాల మీద పడే బరువును బట్టి సిబ్బందికి జీతం కట్టేవాళ్లు. బరువు తక్కువ చూపితే జీతం తగ్గుతుంది. నిజం బయటపడ్డాక బకాయిల గొడవ పెద్దదే అయింది. సరే, శక్తి చూద్దాం. 1943 పరీక్షల్లో బిగ్ బాయ్ బండిని లాగే కొక్కెం దగ్గర కొలిస్తే వచ్చింది 6,290 హార్స్‌పవర్ దాకా. అలెగెనీ 7,498 చూపించింది. ఇక కదలని బరువును కదిలించే లాగుడు బలంలో బిగ్ బాయ్‌ది 1,35,375 పౌండ్లు. 1918లోనే అదే ఆల్కో వర్జీనియన్ రైల్వేకు కట్టిన 2-10-10-2 ఇంజిన్లది 1,47,200. కాకపోతే ఆ వర్జీనియన్ ఇంజిన్లు నడక వేగం కంటే కాస్త ఎక్కువగా బొగ్గు బండ్లను లాగే రకం. వాటిని మైదానంలో పరుగెత్తమంటే నవ్వుతాయి.

అలెగెనీకి అంత శక్తి ఉన్నా దాని కంపెనీ దాన్ని ఎక్కువగా బొగ్గు గూడ్సులు నెమ్మదిగా లాగడానికే వాడింది. ఆ శక్తి పనికొచ్చేది వేగంలో. దొరికిన పని నెమ్మదిలో. బిగ్ బాయ్ గురించి అలా అనలేం. దేనికోసం గీశారో ఆ పనే చేసింది. అతిపెద్దది అన్న బిరుదు కంటే నాకు ఇది పెద్ద మెచ్చుకోలుగా అనిపిస్తుంది.

చవక బొగ్గు, వెడల్పు పొయ్యి

అంత పెద్ద ఇంజిన్ ఎందుకు కావలసి వచ్చిందో చెప్పే కారణం కొండ ఒక్కటే కాదు. యూనియన్ పసిఫిక్‌కి వ్యోమింగ్‌లో సొంత బొగ్గు గనులు ఉండేవి. సొంత బొగ్గు అంటే చవక. కానీ ఆ బొగ్గు నాసిరకం, వేడి తక్కువ. నాసి బొగ్గుతో ఎక్కువ వేడి కావాలంటే ఎక్కువ చోటులో పలచగా పరిచి ఎక్కువ కాల్చాలి. అందుకే బిగ్ బాయ్ ఫైర్‌బాక్స్ జాలీ 150 చదరపు అడుగులు, అంటే పది పదిహేను అడుగుల పడకగది నేల అంత. అంత నిప్పుకు పారతో బొగ్గు వేయడం మనిషి తరం కాదు. టెండర్‌లోని 28 టన్నుల బొగ్గును తిరిగే మర లాంటి స్టోకర్ ముందుకు తోసుకొస్తుంది, ఆవిరి జోరు దాన్ని నిప్పు మీద చల్లుతుంది. ఫైర్‌మన్ పని చల్లుడు ఎటు ఎక్కువైందో, ఎటు తక్కువైందో చూసుకుంటూ కవాటాలు తిప్పడం.

ఈ లాజిక్ మనకూ తెలిసిందే. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో ఫిలడెల్ఫియాకు చెందిన బాల్డ్విన్ కంపెనీ నుంచి మన రైల్వేకి డబ్ల్యూపీ ఇంజిన్లు వచ్చాయి. కోసు ముక్కు, దాని మీద నక్షత్రం, ఒకప్పుడు మెయిళ్లనూ ఎక్స్‌ప్రెస్‌లనూ లాగినవి. వాటినీ తక్కువ రకం బొగ్గు కోసమే వెడల్పు ఫైర్‌బాక్స్‌తో గీశారు. బొగ్గు ఏదో తెలిస్తే ఇంజిన్ ఆకారం సగం తెలిసినట్టే.

1941లో అమెరికాలో మంచి డీజిల్ ఇంజిన్లు అప్పటికే పట్టాలెక్కాయి. అయినా యూనియన్ పసిఫిక్ ఆవిరినే ఎంచుకుందంటే సొంత గనులే ప్రధాన కారణం. ఆ డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. యుద్ధ సామగ్రి పడమటి తీరానికి చేర్చడంలో ఈ ఇంజిన్లు ఊపిరి తీసుకోకుండా పనిచేశాయి. 1944లో మరో ఐదు కావలసి రావడం కూడా ఆ ఒత్తిడి వల్లే. యుద్ధం తర్వాత బొగ్గు సమ్మెలతో కంపెనీకి టెన్షన్ మొదలైంది. 1946లో 4005 నంబరు ఇంజిన్‌ను ఆయిల్‌కు మార్చి చూశారు. అంత పెద్ద ఫైర్‌బాక్స్‌లో మంట ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయింది. 1948లో మళ్లీ బొగ్గుకే తెచ్చారు.

చివరి రోజుల్లో వీటి ప్రధాన రంగస్థలం వాసాచ్ కాదు, షయెన్, లారమీ ఊళ్ల మధ్య 8,000 అడుగులకు పైన ఉండే షెర్మన్ హిల్. డీజిళ్లు, వాటితో పాటు యూనియన్ పసిఫిక్ ప్రత్యేకంగా నడిపిన గ్యాస్ టర్బైన్ ఇంజిన్లు ఒక్కొక్క పనీ లాక్కున్నాయి. 1959 జులై 21న బిగ్ బాయ్ చివరి కమర్షియల్ ట్రిప్పు ముగిసింది.

ఇక్కడ ఒక పక్క ముచ్చట. బిగ్ బాయ్‌ని కట్టిన ఆల్కో 1948లోనే ఆవిరి ఇంజిన్లు కట్టడం మానేసి డీజిల్ వైపు తిరిగింది. ఆ ఆల్కో డిజైనే 1962లో డబ్ల్యూడీఎం-2గా మన దేశానికి వచ్చి, తర్వాత వారణాసిలో వేలల్లో తయారైంది. కాజీపేట, గుత్తి, విశాఖ డీజిల్ షెడ్ల దగ్గర పెరిగినవాళ్లకు ఆ నల్లపొగ, ఆ ధడధడ చెప్పనక్కర్లేదు. ఇప్పటికీ రైలు పిచ్చి ఉన్న మన కుర్రాళ్లు దాన్ని "ఆల్కో" అనే పిలుస్తారు. అమెరికాలో ఆవిరికి పరాకాష్ఠ కట్టిన కంపెనీయే మన దగ్గర ఆవిరిని ఇంటికి పంపింది. ఆ కంపెనీ మాత్రం 1969లో మూతపడింది.

తుక్కుకు పోనివి

పాత ఇంజిన్ అంటే కంపెనీ లెక్కల్లో కొన్ని వందల టన్నుల తుక్కు ఇనుము. నష్టాల్లో ఉన్న కంపెనీకి ఆ డబ్బు కావాలి. న్యూయార్క్ సెంట్రల్ రైల్వే హడ్సన్ ఇంజిన్లు తీసుకోండి. అమెరికాలో అందమైన ఎక్స్‌ప్రెస్ ఇంజిన్లంటే చాలామందికి గుర్తొచ్చేవి అవే. 270కి పైగా ఉండేవి. ఒక్కటి మిగల్లేదు. పెన్సిల్వేనియా రైల్వే టీ1 ఇంజిన్లు 52; అవీ అన్నీ తుక్కయ్యాయి. ఇప్పుడు అభిమానులు చందాలేసుకుని ఒక టీ1ను మొదటి నుంచి కొత్తగా కడుతున్నారు. అలెగెనీలు 60 కడితే 2 మిగిలాయి, ఒకటి డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో, ఇంకొకటి బాల్టిమోర్‌లో.

యూనియన్ పసిఫిక్ చేతిలో డబ్బుంది, దారి పొడవునా తన మీద ఆధారపడ్డ ఊళ్లున్నాయి. పాత ఇంజిన్లను ఆ ఊళ్లకూ సొసైటీలకూ మ్యూజియాలకూ దానంగా ఇచ్చింది. అలా బిగ్ బాయ్‌లలో మూడోవంతు తప్పించుకున్నాయి. ఇది చిన్న నిష్పత్తి కాదు. 4004 షయెన్‌లోని హాలిడే పార్కులో ఉంది. 4005 డెన్వర్‌లో, 4006 సెయింట్ లూయిస్‌లో ఉన్నాయి. పాతికలోనూ ఎక్కువ మైళ్లు తిరిగింది ఆ 4006. 4012 పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో, 4017 విస్కాన్సిన్‌లోని గ్రీన్ బేలో, 4018 టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, 4023 ఒమాహాలో ఉన్నాయి. 1944 విడతలో మిగిలింది 4023 ఒక్కటే. ఎనిమిదోది మన 4014.

మిగలడం వేరు, నిలవడం వేరు. ఆరుబయట నిలబెట్టిన బాయిలర్‌ను వాన, మంచు, తుప్పు లోపలి నుంచి తింటాయి. పైన రంగు వేస్తే ఫొటోలో బాగుంటుంది. లోపల గొట్టాల సంగతి ఎవరికీ కనపడదు. 4014 అదృష్టం ఏమిటంటే అది 1962లో లాస్ ఏంజెలెస్ దగ్గర పొమోనాకు చేరింది. పొడి వాతావరణం. రైల్వే చరిత్ర సొసైటీ వాలంటీర్లు దానికి నూనె పెడుతూ, గ్రీజు రాస్తూ యాభై ఏళ్లు కాపు కాశారు. జీతం లేని ఆ పని జరక్కపోయి ఉంటే ఆ తర్వాతి కథ ఏదీ లేదు.

పార్కింగ్ స్థలం మీదుగా పట్టాలు

2013లో యూనియన్ పసిఫిక్ 4014ను వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. బదులుగా పొమోనాలోని ఆ సొసైటీ మ్యూజియానికి ఒక డీజిల్ ఇంజిన్‌తో పాటు మరికొన్ని ఇచ్చింది. తీసుకుంటాం అనడం సులువే, బయటికి తేవడమెలా? ఇంజిన్ ఉన్నది జాతర్లు జరిగే ఫెయిర్‌గ్రౌండ్స్‌లో. అసలు రైలు లైను అవతల ఉంది, మధ్యలో కార్లు నిలిపే మైదానం. తాత్కాలికంగా పట్టాల ముక్కలు నేల మీద పరిచారు. ఇంజిన్ వాటి మీదుగా మెల్లగా జరిగేది. దాటిన ముక్కల్ని వెనక నుంచి ఎత్తుకొచ్చి మళ్లీ ముందు పరిచేవాళ్లు. అలా ముక్కా ముక్కా మార్చుకుంటూ 2014 జనవరిలో దాన్ని అసలు లైను ఎక్కించారు. డీజిళ్లు లాక్కెళ్తే 2014 మే 8న షయెన్‌లోని వర్క్‌షాపు చేరింది.

అసలు మరమ్మతు 2016లో ఊపందుకుంది. ఎడ్ డికెన్స్ నాయకత్వంలోని చిన్న బృందం ఇంజిన్‌ను విప్పేసింది. ముందు ఇంజిన్‌ను బాయిలర్ కింద నుంచి పూర్తిగా బయటికి లాగారు. 2019 మే మొదటి రోజుల్లో 4014 సొంత ఆవిరితో కదిలింది, మే 9న ఆగ్డెన్‌లో తన తమ్ముడి లాంటి 844 ఇంజిన్‌తో ముక్కూ ముక్కూ ఆనించి నిలబడింది. ఆ తేదీ ఊరికే ఎంచుకోలేదు. 1869 మే 10న యూటాలోని ప్రోమాంటరీ దగ్గర బంగారు మేకు దిగ్గొట్టి అమెరికా రెండు తీరాల్నీ రైలుతో కలిపారు. దాని 150వ ఏడాది పండగ అది.

ఆ 844 పేరు గుర్తుపెట్టుకోండి, నా వాదనకు అదే సాక్షి. 1944లో వచ్చిన ఆ ఇంజిన్‌ను యూనియన్ పసిఫిక్ ఎప్పుడూ రిటైర్ చేయలేదు. 1981లో ఒక ఛాలెంజర్‌ను, 3985ను, నడిచేలా బాగుచేసుకుంది కూడా. అంటే షయెన్‌లో ఆవిరి వర్క్‌షాపు, పనిముట్లు, చేతిలో పనితనం ఉన్న మనుషులు తరం మారినా చెల్లాచెదురు కాలేదు. పట్టాలు సొంతం, వంపులు సొంతం, ఆ బరువుకు ఆగే వంతెన ఏదో తెలిసిన ఇంజనీర్లు సొంతం. డెన్వర్‌లోని మ్యూజియం రేపు తన 4005ను కోట్లు పోసి బాగుచేసుకున్నా, ఆ 540 టన్నుల్ని ఎవరి పట్టాల మీద నడుపుతుంది? ఇన్సూరెన్స్ ఎవరు కడతారు? నీళ్లు ఎక్కడ పడతారు? ఒక మ్యూజియానికి కొండంత అడ్డమైన ప్రశ్నలన్నీ ఈ కంపెనీకి మామూలు ఆఫీసు పనులు.

బాయిలర్ లెక్క, చట్టం లెక్క

మరమ్మతుకు అంత కాలం, అంత ఖర్చు ఎందుకన్నది రంగు వేసిన ఇంజిన్ చూస్తే అర్థం కాదు. ఫైర్‌బాక్స్ పైకప్పు రేకు సంగతి తెలియాలి. ఆ రేకు కింద భగభగ మండే నిప్పు, పైన బాయిలర్ నీళ్లు. నీళ్లున్నంతసేపు రేకు వేడి తట్టుకుంటుంది. నీటిమట్టం తగ్గి రేకు పైకి తేలితే ఇనుము ఎర్రబడి మెత్తబడుతుంది, ఒత్తిడికి కిందికి చీలుతుంది. బిగ్ బాయ్‌లో ఒత్తిడి చదరపు అంగుళానికి 300 పౌండ్లు. ఆ ఒత్తిడిలో నీళ్లు 200 డిగ్రీల సెల్సియస్ దాటినా ద్రవంగానే ఉంటాయి. చీలిన క్షణంలో ఒత్తిడి పోతుంది, ఆ నీళ్లలో చాలా భాగం ఒక్కసారిగా ఆవిరై ఉబ్బుతుంది. 1953లో వెస్ట్ వర్జీనియాలోని హింటన్ దగ్గర ఒక అలెగెనీ ఇలాగే పేలి ముగ్గురు సిబ్బంది చనిపోయారు.

పాత కాలం సంగతి అనుకుంటున్నారేమో. 1995 జూన్‌లో పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ రైల్వేలో టూరిస్టుల బండి లాగుతున్న 1278 నంబరు ఇంజిన్‌లో అదే రేకు లొంగిపోయింది. క్యాబ్‌లో ఉన్న ముగ్గురూ తీవ్రంగా కాలిపోయారు. నీటిమట్టం చూపే గాజు గొట్టానికి వెళ్లే దారి మడ్డితో పూడుకుపోయి ఉంది. గాజులో కనిపించింది ఒకటి, బాయిలర్‌లో ఉన్నది ఒకటి. ఆ ప్రమాదం తర్వాత అమెరికా ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ 2000లో కొత్త నిబంధనలు అమల్లోకి తెచ్చింది. ఆవిరి ఇంజిన్ పనిచేసిన రోజులు 1,472 అయినా, లేక 15 ఏళ్లు గడిచినా, ఏది ముందైతే అప్పుడు బాయిలర్‌ను పూర్తిగా విప్పి, గొట్టాలు తీసి, ప్రతి రేకు మందం కొలిచి, లెక్కలు మళ్లీ కట్టి చూపించాలి. చిన్న చిన్న టూరిస్టు రైళ్లు చాలా ఈ నిబంధన దగ్గరే ఆగిపోతాయి. పదిహేనేళ్లు నడిపి సంపాదించింది ఒక్క తనిఖీకి చాలదు.

ఇది అసలు బిగ్ బాయేనా?

4014 మీద అభిమానుల్లో తగవు తెగదు. మొదటిది ఆయిల్. ఇప్పుడది బొగ్గు కాల్చదు, ఆయిల్‌తో నడుస్తుంది. బొగ్గు కోసమే ఆ 150 చదరపు అడుగుల పొయ్యి, ఆ పొయ్యి కోసమే ఆ ఆకారం. బొగ్గు తీసేస్తే ఇంకేం మిగిలిందని కొందరంటారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. కానీ దారిలో బొగ్గు నింపే టవర్లు ఇప్పుడు లేవు, బూడిద దింపే గుంతలు లేవు. ఎండాకాలం పడమటి రాష్ట్రాల్లో ఎండుగడ్డి మీద ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఎలాగూ 844 కూడా ఆయిల్‌దే, ఒకే ఇంధనం ఇద్దరికీ సరిపోతుంది. బొగ్గుతో నడిచినప్పుడు ఎలా ఉండేదో తెలుసుకోవడానికి బొగ్గుతోనే ఆగిన ఏడు ఇంజిన్లు మ్యూజియాల్లో ఉన్నాయి. ఎనిమిదీ నడవకపోవడం కంటే ఒకటి మారి నడవడమే నయమని నేనంటాను.

రెండోది వెనక తగిలించే డీజిల్. ట్రిప్పుల్లో 4014 వెనక ఒక డీజిల్ ఉండటం చూసి, "అసలు తోసేది అదే" అని కామెంట్లలో గోల చేస్తుంటారు. డీజిల్ అక్కడుండటానికి దిగుడులో బ్రేకు సాయం, దారిలో చెడిపోతే లైను ఖాళీ చేయడం లాంటి మామూలు కారణాలున్నాయి. మొదటి ఏళ్లలో ఇంకో కారణం కూడా ఉండేది, 2008లో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాక అమెరికాలో చట్టంగా వచ్చిన ఆటోమేటిక్ రక్షణ వ్యవస్థ. మన దక్షిణ మధ్య రైల్వేలో మొదట పరీక్షించి చూసిన కవచ్ లాంటిదే. 1941 నాటి ఇంజిన్‌కు కంప్యూటర్ రక్షణ అతికించడం చిన్న పని కాదు, అది ఉన్న డీజిల్‌ను వెంట తీసుకెళ్లడం సులువు.

కంపెనీ ఇష్టం మీద ఆధారపడటంలో ప్రమాదం ఏమిటో తెలియాలంటే తూర్పున నార్ఫోక్ సదరన్ కథ చూడాలి. 1987 నుంచి వాళ్లు 1218 అనే పెద్ద 2-6-6-4 కీలు ఇంజిన్‌ను నడిపారు. 1991లో బాగుచేయడానికి విప్పారు. పని మధ్యలో ఉండగానే, 1994లో కంపెనీ ఆవిరి ట్రిప్పులే ఆపేసింది. 1218 ఇప్పుడు రోనోక్‌లోని మ్యూజియంలో నిలబడి ఉంది. చెడిపోయి కాదు, బోర్డు రూంలో మనసు మారి. యూనియన్ పసిఫిక్ కూడా 2022లో తన 3985 ఛాలెంజర్‌ను ఇలినాయ్‌లోని ఒక లాభాపేక్ష లేని సంస్థకు ఇచ్చేసింది. అది మంచి చేతుల్లోనే పడింది, వాళ్లు దాన్ని మళ్లీ నడిపే పనిలో ఉన్నారు. అయినా షయెన్ వర్క్‌షాపు భారం దించుకున్న ఇంజిన్ అది అన్న సంగతి మరిచిపోకూడదు.

2019లో బాయిలర్ పరీక్ష నెగ్గిన 4014కు ఆ 15 ఏళ్ల గడువు 2034తో తీరుతుంది. అప్పుడు దాన్ని మళ్లీ విప్పాలి. విప్పాలా, పార్కులో నిలబెట్టాలా అని తేల్చేది అప్పటి డైరెక్టర్లు. చూడాలనుకునేవాళ్లు ఆలోపు చూడటం మేలు.